కాందిశీకుల కొఱకు పోరాడిన ఎలినార్ రాత్‌బోన్

పరుల కష్టమును చూచి కన్నీరు కార్చువారు లోకమున పెక్కురు గలరు. ఆ కన్నీటిని అర్జీగా మార్చి, ఆ అర్జీని చేతబట్టుకొని కచేరీ గడపలన్నియు ఎక్కి దిగువారు కొందఱే. అట్టి కొందఱిలో ఇంగ్లండు దేశీయురాలగు ఎలినార్ రాత్‌బోన్ ఒకరు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున హిట్లరు యూదజాతిని నిర్మూలింప బూనినప్పుడు ఆ ఘోరమును లోకమునకు చాటుటయందును, ఆ జాతివారిలో బ్రతుకుటకు అవకాశమున్న వారినైనను బ్రతికింపుడని స్వదేశ ప్రభుత్వముతోనే పోరాడుటయందును ఆమె తన జీవితపు తుది సంవత్సరములను ధారపోసెను. మన దేశమునకును ఆమె క్రొత్తది కాదు. మన బాల్యవివాహములను గూర్చి గ్రంథము వ్రాసినదియు, మన స్త్రీలకు వోటు హక్కు కావలెనని వాదించినదియు, తుదకు విశ్వకవి రవీంద్రుల ఆగ్రహమునకు గురియైనదియు ఈమెయే.

ఎలినార్ 1872 వ సంవత్సరము మే 12 వ తేదీన లండన్ నగరమున జన్మించెను. ఆమె వంశీయులు లివర్‌పూల్ రేవుపట్టణమున తరతరములుగా వర్తకము చేసి ధనమార్జించినవారు. ఆర్జించిన ధనమును పదుగురి మేలునకు వెచ్చింపనిచో అది పాపపు సొమ్మని ఆ యింటి నమ్మకము. ఆఫ్రికా దేశీయులను పట్టితెచ్చి బానిసలుగా అమ్ము వ్యాపారమునకు లివర్‌పూల్ పెద్ద అంగడియై యున్న రోజులలో, ఆ వ్యాపారమును ఎదిరించిన కొలదిమంది వర్తకులలో ఈ వంశమువారు ఉండిరి. తండ్రి విలియం రాత్‌బోన్ చాలకాలము పార్లమెంటు సభ్యుడు. ఆయన మొదటి భార్య జబ్బుపడి మరణించినప్పుడు, ఆమెకు ఉపచారము చేసిన నర్సునే 1859 లో ఆయన పేదల యిండ్లకు పోయి రోగులకు సేవచేయుటకై జీతమిచ్చి నియమించెను. ఇంటింటికి తిరుగు నర్సుల ఏర్పాటు ఇంగ్లండులో ఆ విధముగా వేరూనినది. ఎలినార్ ఆయన రెండవ భార్య కుమార్తె.

సంపన్నుల యింటి ఆడపిల్ల విందులకు వినోదములకు తిరిగి, తగిన వరుని చేపట్టవలయునని ఆ కాలపు ఆచారము. ఎలినార్‌కు ఆ మార్గము రుచింపలేదు. తల్లి యిష్టమునకు ఎదురీది, 1893 లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున సోమర్‌విల్ కళాశాలలో చేరి, గ్రీకు లాటిన్ విద్యలను, తత్త్వశాస్త్రమును మూడేండ్లు అభ్యసించెను. చదువు పూర్తియైనను పట్టము రాలేదు. 1920 వఱకు ఆక్స్‌ఫర్డువారు స్త్రీలకు పట్టములే యిచ్చువారు కారు. లివర్‌పూలుకు తిరిగివచ్చి, రేవు కూలీల బ్రతుకులను పరిశీలింప నారంభించెను. ఓడ వచ్చిన దినమున కూలి, రాని దినమున పస్తు అను జీవనమది. లెక్కలు కట్టి, ఇంటింటికి తిరిగి, వారి స్థితిగతులను గూర్చి ఆమె వ్రాసిన నివేదిక పలువురి దృష్టి నాకర్షించెను. ఆ పనిలోనే ఎలిజబెత్ మెకాడమ్ అను స్కాట్లండు సేవికతో స్నేహము కలిసెను. ఆ యిరువురును జీవితాంతము ఒకే యింట కలిసి నివసించిరి. ఎలినార్ వివాహము చేసికొనలేదు.

1909 లో ఆమె లివర్‌పూల్ నగరసభకు ఎన్నికయ్యెను. ఆ సభలో అడుగిడిన మొట్టమొదటి స్త్రీ ఆమెయే. ఏ పార్టీకిని చెందక స్వతంత్రురాలుగనే నిలిచెను. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు, సైన్యములో చేరినవారి భార్యలకు ప్రభుత్వమిచ్చు భరణమును లివర్‌పూలులో పంచిపెట్టు బాధ్యత వహించెను. అప్పుడు ఆమె కొక సంగతి స్పష్టమయ్యెను: డబ్బు నేరుగా తల్లి చేతికి వచ్చిన యిండ్లలో పిల్లల యొడలు తేరుకొనుచున్నవి. ఈ చిన్న సంగతినుండియే ఆమె జీవితములోని మొదటి పెద్ద ఉద్యమము పుట్టినది. పిల్లల పోషణకై ప్రతి తల్లికిని ప్రభుత్వమే భృతి నీయవలెనని వాదించుచు 1924 లో ఒక గ్రంథము ప్రకటించెను. అది చట్టమగుటకు ఇరువదియొక్క సంవత్సరములు పట్టినది.

1929 లో ఇంగ్లండు విశ్వవిద్యాలయ పట్టభద్రుల ప్రతినిధిగా ఆమె పార్లమెంటునందలి కామన్స్ సభకు ఎన్నికయ్యెను. ఇక్కడను స్వతంత్ర సభ్యురాలే. పార్టీ ఆజ్ఞకు లోబడనవసరము లేని ఆ స్థానము ఆమె స్వభావమునకు చక్కగా సరిపోయినది. ఆమె స్వభావమును గూర్చి యిచ్చట రెండు మాటలు చెప్పవలసియున్నది. వేషభాషలపై శ్రద్ధ లేదు. సిగరెట్టు వెంట సిగరెట్టు కాల్చుచుండెడిది. కాగితములు క్రిక్కిఱిసిన పెద్ద సంచి యొకటి ఎల్లప్పుడును చేతనుండెడిది. ఆ సంచినే ఎక్కడనో మఱచిపోయి వెదకుకొనుచుండెడిది. కాని పట్టిన పట్టు విడుచుట మాత్రము ఎఱుగదు. సభాభవనపు నడవలలో ఆమె వచ్చుచుండుట చూచి ఉపమంత్రులు స్తంభముల చాటున దాగుకొనెడివారని చెప్పుకొందురు. ఆమె కంటబడినచో ఎవరో కాందిశీకుని వీసా సంగతి తేల్చక విడువదని వారి భయము.

పార్లమెంటునకు వచ్చిన తొలిరోజులలో ఆమె దృష్టి భారతదేశముపై పడెను. కాథరిన్ మేయో అను అమెరికా స్త్రీ 1927 లో మన దేశమును నిందించుచు ప్రకటించిన గ్రంథమును చదివి ఎలినార్ చలించిపోయెను. మన దేశమున ఆ గ్రంథము గొప్ప ఆగ్రహమును రేపెను. 1929 లో ఆమె భారత స్త్రీల కష్టములను గూర్చి లండనులో ఒక సమావేశము జరుపగా, అచ్చటనే యున్న ధన్వంతి రామారావుగారు లేచి, మా యింటి దోషములను దిద్దుకొనుటకు మేమున్నాము, మీరు పెద్దఱికము వహింపనక్కఱలేదను అర్థము వచ్చునట్లు గట్టిగా మందలించిరి. ఎలినార్ నొచ్చుకొన్నను ఆ పని మానలేదు. 1932 లో స్వయముగా భారతదేశమునకు వచ్చి పలు ప్రాంతములు తిరిగి, ఇచ్చటి స్త్రీ నాయకులను కలిసికొనెను. బాల్యవివాహములను గూర్చి ఆమె వ్రాసిన పుస్తకము 1934 లో వెలువడినది. శారదా చట్టము పుస్తకములలో నున్నదే గాని ఆచరణలో లేదని ఆమె ప్రధాన వాదము. ఈ మాట తెలుగువారికి కొంత గ్రుచ్చుకొనక తప్పదు. ఆ చట్టము వచ్చిన పిమ్మట మన గోదావరి జిల్లాలవారు ఫ్రెంచివారి యేలుబడిలోని యానాముకు బండ్లు కట్టుకొనిపోయి పసిపిల్లల పెండ్లిండ్లు చేసికొనివచ్చిన సంగతి దాచిన దాగునది కాదు. 1935 నాటి రాజ్యాంగ చట్టము తయారగునప్పుడు స్త్రీలకు మఱిన్ని వోట్లు కావలెనని ఆమె విసుగు లేక వాదించెను. ఆ చట్టము క్రింద సుమారు 60 లక్షలమంది భారత స్త్రీలకు వోటు లభించెను.

ఇంతలో యూరపు ఖండమున చీకటి క్రమ్ముకొనెను. 1933 జనవరిలో హిట్లరు జర్మనీకి ప్రధానమంత్రి యయ్యెను. యూదులపై ద్వేషము యూరపునకు క్రొత్త కాదు. క్రీస్తును చంపించిరనియు, వడ్డీలు గుంజుదురనియు, తెగుళ్లు వ్యాపింపజేయుదురనియు నిందలు మోపి, వారిని ఊరికి ఆవల ప్రత్యేకపు వాడలలో నుంచుట, దేశములనుండి వెడలగొట్టుట, మూకలు చేరి చంపుట ఆ ఖండమున శతాబ్దులుగా జరుగుచు వచ్చినది. మన దేశమున కొచ్చి తీరమున నెలకొన్న యూదులకు అట్టి భయము చాలవఱకు కలుగలేదను మాట ఇచ్చట స్మరింపదగినది. హిట్లరు చేసినదేమనగా, మూకల ద్వేషమును ప్రభుత్వ శాసనముగా మార్చెను. యూదులను ఉద్యోగములనుండి తొలగించిరి. 1935 లో వారి పౌరసత్వమును హరించిరి. 1938 నవంబరులో వారి దేవాలయములను తగులబెట్టిరి. హిట్లరు అధికారమునకు వచ్చిన మూడు నెలలలోపలనే, 1933 ఏప్రిలులో, ఈ ప్రభుత్వమువలన లోకమునకు రానున్న ముప్పును గూర్చి కామన్స్ సభలో హెచ్చరించిన కొలదిమందిలో ఎలినార్ ఒకరు. ఆనాడు ఆ హెచ్చరికను అతిశయోక్తిగా తలచినవారే యెక్కువ.

1938 సెప్టెంబరులో మ్యూనిచ్ నగరమున బ్రిటిషు ప్రధాని చేంబర్లేన్ హిట్లరుతో ఒడంబడిక చేసికొని, చెకోస్లవేకియాలో కొంత భాగమును అతనికి ఒప్పగించెను. ఇంగ్లండు ప్రజలు యుద్ధము తప్పినదని సంతోషించిరి. ఎలినార్ మాత్రము సిగ్గుతో క్రుంగిపోయెను. ఒప్పగించిన ఆ ప్రాంతమునుండి పారిపోయివచ్చిన యూదులును, హిట్లరు వ్యతిరేకులును ప్రాగ్ నగరమున దిక్కులేక పడియుండిరి. ఈ పాపములో ఇంగ్లండునకు పాలున్నది గావున వారిని రక్షించు బాధ్యతయు ఇంగ్లండుదేయని ఆమె తలచెను. 1938 డిసెంబరులో అన్ని పార్టీల సభ్యులను చేర్చి పార్లమెంటు కాందిశీకుల సంఘమును స్థాపించి, దానికి కార్యదర్శినియయ్యెను. 1939 జనవరిలో తానే ప్రాగ్ నగరమునకు పోయి కాందిశీకుల దుస్థితిని కన్నులార చూచెను. మార్చిలో హిట్లరు సైన్యములు ఆ నగరమున ప్రవేశించెను. అప్పటికి వీసాలు చేతికి వచ్చినవారు బ్రతికిరి. వీసా కాగితము ఏ బల్లమీదనో ఆలస్యమైనవారిలో అనేకులు చిక్కుకొనిపోయిరి. ఒక ఉత్తరమునకు ఒక దినము ఆలస్యముగా జవాబు వచ్చుటకును, ఒక ప్రాణము పోవుటకును గల సంబంధమును ఆమె ప్రాగ్ నగరమున నేర్చుకొనెను. ఆ పిమ్మట మంత్రులను ఆమె ఊపిరి సలుపనీయకపోవుటకు కారణ మిదియే.

1940 మే, జూను మాసములలో ఫ్రాన్సు కూలిపోయెను. హిట్లరు ఇంగ్లండుమీదికి దిగబోవుచున్నాడను భయము దేశమంతట ప్రాకెను. ఆ భయములో ప్రభుత్వము దేశమునందున్న జర్మను, ఆస్ట్రియను పౌరులను శత్రుదేశీయులని పేరుపెట్టి నిర్బంధింప జొచ్చెను. సుమారు 27,000 మందిని పట్టి శిబిరములలో వేసిరి. వారిలో అత్యధికులు హిట్లరు బారినుండి తప్పించుకొనివచ్చిన యూదులే! పులికి భయపడి ఊరు చేరినవానిని పులిగా భావించి కట్టివేసినట్లయినది. కొన్ని వేలమందిని ఓడలకెక్కించి కెనడాకును, ఆస్ట్రేలియాకును పంపిరి. అట్లు పోవుచున్న ఆరండోరా స్టార్ అను ఓడను 1940 జూలై 2 వ తేదీన జర్మను జలాంతర్గామి ముంచివేయగా ఇటలీ, జర్మనీ దేశీయులగు ఖైదీలు, నావికులు, కావలివారు కలిసి 800 మందికి పైగా మరణించిరి. యుద్ధము నడుచుచుండగా శత్రుదేశీయుల పక్షమున మాటలాడుటకు ఎవ్వరికిని నోరు రాని సమయమది. జూలై 10 వ తేదీన కామన్స్ సభలో ఈ విషయముపై జరిగిన చర్చలో ఎలినార్ మఱికొందఱు సభ్యులతో కలిసి ప్రభుత్వమును నిలదీసెను. లివర్‌పూలుకు చేరువనున్న హైటన్ శిబిరమునకు పోయి నిర్బంధితులను పరామర్శించెను. వైద్యులు, ఆచార్యులు, వృద్ధులు, బడిపిల్లలు ముండ్లకంచెల వెనుక పరుపులు సైతము లేక యుండిరి. ఒక్కొక్కరి పేరుతో ఒక్కొక్క అర్జీ వ్రాసి హోం శాఖకు పంపుచుండెను. ఆగస్టునుండి ప్రభుత్వము నిర్బంధితులను విడుదల చేయ నారంభించెను. మరుసటి సంవత్సరాంతమునకు వారిలో చాలమంది విడుదలైరి. కాందిశీకులు ఆమెను తమ మంత్రిణిగా భావించుకొనిరి. ఏ మంత్రిపదవియు లేని స్త్రీకి ప్రజలిచ్చిన పదవి యది.

ఇట్లు పరదేశీయుల బాధను తన బాధగా భావించిన ఎలినార్ భారతదేశము విషయమున మాత్రము కన్నుండియు కానలేకపోయెను. ఆమె చరిత్ర చెప్పువారు ఈ ఘట్టమును దాటవేయుట న్యాయము కాదు. 1941 లో ఆమె భారతీయుల నుద్దేశించి ఒక బహిరంగ లేఖ ప్రకటించెను. హిట్లరుతో ఇంగ్లండు ప్రాణములకు తెగించి పోరాడుచున్నప్పుడు కాంగ్రెసు యుద్ధమునకు సహాయనిరాకరణము చేయుట కృతఘ్నతయని దాని సారాంశము. ఇంగ్లీషు విద్యవలన భారతీయులు పొందిన మేలును కూడ ఆమె అందులో ఎత్తిపొడిచెను. అప్పటికి కాంగ్రెసు నాయకులు అనేకులు చెఱసాలలలో నుండిరి. రవీంద్రులు శాంతినికేతనమున అవసానదశలో నుండిరి. లేవలేని స్థితిలో నుండియు ఆ వృద్ధకవి జూను మాసమున జవాబు ప్రకటించిరి. రెండు శతాబ్దుల పరిపాలన పిమ్మటను మా జనులు నిరక్షరాస్యులై, అన్నమునకును త్రాగునీటికిని అలమటించుచుండగా మీకు మేము దేనికి కృతజ్ఞత చూపవలయునని ఆయన ప్రశ్న. రెండు నెలలకు, ఆగస్టు 7 వ తేదీన, ఆయన పరమపదించిరి.

ఎవరి పక్షమున న్యాయమున్నదో మన దేశీయులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఎలినార్ ఆ యుద్ధమును యూదుని గుమ్మమునుండి చూచెను. ఆ గుమ్మమునుండి చూచువారికి హిట్లరు ఒక్కడే కనబడును. రవీంద్రులు దానిని మన పల్లెనుండి చూచిరి. ఆమె ఉద్దేశము దుష్టమని ఎవ్వరును అనలేరు. కాని తాను ఎవరికి సాయపడవలెనో తానే నిర్ణయించు అలవాటు గలవారికి, సాయము పొందువారి అభిమానము అర్థమగుట కష్టము. 1929 లో ధన్వంతి రామారావుగారు చెప్పినదియు ఇదియే. ఆమె ఆ పాఠమును భారతదేశము విషయమున పూర్తిగా నేర్చుకొన్నట్లు కనబడదు.

1942 వ సంవత్సరము యూదుల పాలిటికి కాళరాత్రి. ఫిబ్రవరిలో స్ట్రూమా అను శిథిలమైన ఓడ యొకటి నల్లసముద్రమున మునిగిపోయెను. రుమేనియానుండి పాలస్తీనాకు పోగోరిన 760 మందికి పైగా యూదులు అందుండిరి. పాలస్తీనా నాడు బ్రిటిషువారి అధీనమున నున్నది; 1939 నాటి శ్వేతపత్రము ప్రకారము అయిదేండ్లలో 75,000 మందికి మించి యూదులను రానీయరాదని వారి విధానము. అనుమతి రానందున ఆ ఓడ ఇస్తాంబుల్ రేవున రెండు నెలలకు పైగా నిలిచి, తుదకు ఇంజను పనిచేయకయే నడిసముద్రమునకు లాగివేయబడి, మరునాడు ఒక సోవియట్ జలాంతర్గామి వదలిన టార్పెడోచే బ్రద్దలయ్యెను. ఒక్కడు మాత్రమే బ్రతికెను. ఆగస్టులో జెనీవానుండి భయంకరమైన వార్త యొకటి ఇంగ్లండు చేరెను. యూరపునందలి యూదులను కొందఱిని కాదు, అందఱిని చంపుటకు హిట్లరు యోచించినాడని యూద సంఘమువారు పంపిన తంతి అది. సంవత్సరాంతమున పోలండు రహస్యోద్యమపు దూత యాన్ కార్‌స్కీ లండను చేరి, తాను కన్నులార చూచినదానిని చెప్పెను. ఇక అనుమానమునకు తావు లేకపోయెను.

డిసెంబరు 17 వ తేదీన విదేశాంగమంత్రి ఈడెన్ కామన్స్ సభలో మిత్రరాజ్యముల ప్రకటనను చదివెను. జర్మనీ యూదులను మూకుమ్మడిగా చంపుచున్నదనియు, యుద్ధానంతరము హంతకులు శిక్షింపబడుదురనియు అందలి విషయము. అది విని సభ్యులందఱును లేచి మౌనముగా నిలువబడిరి. ఆ సభా చరిత్రలో అది అపూర్వము. ఎలినార్‌యు నిలువబడెను. కాని ఆమె మనస్సులో మెదలిన ప్రశ్న వేఱు. చంపినవారిని రేపు శిక్షింతుమన్నారు సరే, చావబోవువారిని నేడు రక్షించుట కేమి చేయుదురు? ప్రకటనలో దీనికి జవాబు లేదు.

ఆ జవాబును రాబట్టుటకై 1943 మార్చిలో ఆమె, పుస్తక ప్రచురణకర్త విక్టర్ గొలాంజ్ మున్నగువారితో కలిసి, నాజీ ఘాతుకములనుండి రక్షణకై జాతీయ సంఘమును స్థాపించెను. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు విలియం టెంపుల్ ఈ పనికి గొప్ప అండగా నిలిచెను. ఈ సంఘము కేవలము సానుభూతి తీర్మానములు చేసి ఊరకుండలేదు. ప్రభుత్వము వెంటనే చేయదగిన పనులను పన్నెండు అంశములుగా వ్రాసి ముద్రించి దేశమంతట పంచెను. స్పెయిను, పోర్చుగల్, స్విట్జర్లండు, స్వీడను, టర్కీ వంటి తటస్థ దేశములకు పారిపోయివచ్చినవారిని యుద్ధము ముగియగనే మేము తీసికొందుమని హామీయిండు. అట్టి హామీయున్నచో ఆ దేశములు సరిహద్దులు మూయవు. పేరు పేరున కాక, గుంపుగా కొన్ని వేల వీసాలను తటస్థ దేశములలోని మీ రాయబారుల చేతికిండు. హిట్లరు వెనుక నడుచుచున్న రుమేనియా, హంగరీ, బల్గేరియా ప్రభుత్వములను బెదరించి, బ్రతిమాలి, యూదులను వెలుపలికి విడిపింపుడు. పాలస్తీనా తలుపు తెఱువుడు. ఈ పని కొక్క ప్రత్యేకాధికారిని నియమింపుడు. అన్నియు ఇట్టి కోరికలే. ఒక్కటియు ఆకాశమునుండి చంద్రుని దింపుమనునది కాదు.

ప్రభుత్వము చెప్పిన సాకులు అనేకములు. ఓడలు లేవు. ఆహారము చాలదు. కాందిశీకుల వేషమున గూఢచారులు రావచ్చును. యుద్ధము గెలుచుటయే యూదులను రక్షించు మార్గము. వీనిలో కొన్ని పూర్తిగా అసత్యములని చెప్పుటకును లేదు. ఇంగ్లండు నిజముగనే ఇక్కట్లలో నుండెను. కాని వేలకొలది యుద్ధఖైదీలను తరలించుటకు దొరకిన ఓడలు కాందిశీకులకు మాత్రమే ఎట్లు కఱవైనవని ఎలినార్ అడిగెను. ఈ సాకులన్నిటికంటె ఆమెను మండించినది మఱియొకటి. యూదులను ఎక్కువగా రానిచ్చినచో ఇంగ్లండు ప్రజలలోనే యూదద్వేషము పెరుగునని హోం మంత్రి హెర్బర్ట్ మారిసన్ భయము. అనగా యూదులను ద్వేషించువారు ఉన్నారు గావున యూదులను చావనీయవలయునని తేలుచున్నది. ద్వేషమునకు వెఱచి ద్వేషింపబడువానిని దూరముంచుట ద్వేషించువానికి కప్పము కట్టుటయేయని ఆమె వాదము. వాదముతో ఆగక, ప్రజల మనస్సు నిజముగ ఎట్లున్నదో తెలిసికొనదలచిరి. ఆ సంఘము 1943 లో గాలప్ సంస్థచేత అభిప్రాయ సేకరణము చేయించగా, చావు ముప్పులోనున్న యూదులకు ఆశ్రయమీయవలెనని నూటికి 78 మంది చెప్పిరి. వారిలో చాలమంది తాత్కాలికాశ్రయమునకే సమ్మతించిరను మాట నిజము. అయినను ప్రజలు మంత్రులు తలచినంత కఠినులు కారని తేలెను.

ప్రజలలో యూదద్వేషము బొత్తిగా లేదని ఆమె భ్రమపడలేదు. దొంగ బజారులలో యూదులే యున్నారనియు, సైన్యములో చేరక తప్పించుకొనుచున్నారనియు వదంతులు నానాటికి పెరుగుచుండెను. 1943 మార్చి 3 వ తేదీన లండనులో బెత్నల్ గ్రీన్ అను చోట బాంబులనుండి తలదాచుకొనుటకై జనము భూగర్భ రైలు స్టేషను మెట్లపై త్రొక్కిసలాడగా 173 మంది మరణించిరి. యూదులు బెదరి త్రోసివేయుటవలననే ఇది జరిగినదని వెంటనే పుకారు పుట్టెను. విచారణలో అది పచ్చి అబద్ధమని తేలెను. కాని పుకారునకున్న కాళ్లు విచారణ నివేదికకు ఉండవు. ఇట్టి అపవాదులను ఒక్కొక్కటిగా తీసికొని, అంకెలతో, ఆధారములతో ఖండించుచు ఎలినార్ ఒక చిన్న పుస్తకము వ్రాసెను. రెండేండ్ల క్రితము రేవుకూలీల లెక్కలు కట్టిన శ్రద్ధవంటిదే అందును కనబడుననరాదు. ఆ రోజులు నలువదేండ్ల వెనుకటివి. కాని ఆ పద్ధతి మాత్రము అదియే. ఆవేశము గల స్త్రీయైనను ఆమె ఆవేశమును అంకెలకు లోబఱచి వ్రాసెడిది.

ప్రజల ఒత్తిడికి తలయొగ్గి బ్రిటిషు, అమెరికా ప్రభుత్వములు బెర్ముడా ద్వీపమున ఒక సమావేశము జరిపినవి. అది 1943 ఏప్రిల్ 19 వ తేదీన ప్రారంభమయ్యెను. సరిగా ఆ దినముననే వార్సా నగరపు యూదవాడలో మిగిలినవారు చేతికందిన తుపాకులతో జర్మను సైన్యముపై తిరుగబడిరి. వార్సాలో వీథి వీథి కాలిపోవుచుండగా బెర్ముడాలో పండ్రెండు దినములు చర్చలు జరిగినవి. ఫలితము శూన్యమునకు దగ్గఱ. మే మాసమున, లండనులోనున్న పోలండు యూద నాయకుడు ష్ముల్ జీగెల్‌బోయిమ్ లోకపు ఉదాసీనతకు నిరసనగా ఆత్మహత్య చేసికొనెను. అటుపిమ్మట వారమునకు, మే 19 వ తేదీన, కామన్స్ సభలో బెర్ముడాను గూర్చి చర్చ వచ్చెను. ఎలినార్ ఆనాడు ప్రభుత్వము నెదుట నిలిచి, చేయదగినది చేయక చావనిచ్చినచో ఆ రక్తము మన చేతులకును అంటునని తీవ్రముగా విమర్శించెను. మారిసన్ కోపించెను, ఈడెన్ విసుగుకొనెను. ఎన్నో యుద్ధచింతలలో నున్న తమను ఈ ముసలమ్మ వేధించుచున్నదని మంత్రుల భావము. ఆమె మరునాడు మఱియొక జాబు వ్రాసెను.

ఆమె కోరికలు అసాధ్యములు కావని ఇతరులు నిరూపించిరి. ఆ సంవత్సరము అక్టోబరులో డెన్మార్కు ప్రజలు రాత్రికి రాత్రి చేపల పడవలలో సుమారు 7,000 మంది యూదులను స్వీడనుకు దాటించిరి; స్వీడను తలుపు తెఱచెను. 1944 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు కాందిశీకుల రక్షణకై ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. అట్టిదానిని ఇంగ్లండులోను స్థాపింపుడని ఎలినార్ మరల అడిగెను. కాలేదు. ఆ వేసవిలో హంగరీనుండి రెండు నెలలలోపల 4,30,000 మందికి పైగా యూదులను రైళ్లలో కుక్కి పంపివేసిరి. వారిలో దాదాపు అందఱును ఔష్విట్స్ మరణ శిబిరము చేరిరి. ఆమె పోరాటము ఎంతమందిని రక్షించెనని లెక్కకట్టుట సాధ్యము కాదు. ప్రాగ్ నగరమునుండి వచ్చినవారు, శిబిరములనుండి విడుదలైనవారు, ఒక్కొక్క అర్జీతో ఒక్కొక్క వీసా పొందినవారు కొన్ని వేలమంది యుందురు. రక్షింపదగియు రక్షింపబడనివారి సంఖ్య యెదుట అది స్వల్పము. ఈ సంగతి ఆమెకంటె బాగుగ ఎఱిగినవారు లేరు.

1945 మేలో యూరపున యుద్ధము ముగిసెను. అప్పటికి ఆమెకు డెబ్బది మూడేండ్లు నిండవచ్చినవి. ఆ సంవత్సరముననే కుటుంబ భృతి చట్టము పార్లమెంటు ముందుకు వచ్చినది. తీరా చూడగా డబ్బు తండ్రికి చెందునట్లు అందులో వ్రాసియున్నది! ఇరువదేండ్లకు పైగా తాను పోరాడి తెచ్చిన చట్టమునకు తానే వ్యతిరేకముగా వోటు వేయుదునని ఆమె బెదరించెను. ప్రభుత్వము దిగివచ్చి, తల్లి పేరు చేర్చి, జూను 15 వ తేదీన చట్టము చేసెను. ఆ శరదృతువున విక్టర్ గొలాంజ్ మఱియొక ఉద్యమము నారంభించెను. గొలాంజ్ స్వయముగా యూదుడు. ఉద్యమమో, ఓడిపోయి ఆకలితో మాడుచున్న జర్మను ప్రజలకు ఆహారము పంపవలయుననునది. హిట్లరు చేసిన పాపమునకు జర్మను పసిపిల్లలు చావరాదని అతని వాదము. అతనితో చేయి కలిపినవారిలో ఎలినార్ ఒకరు.

1946 జనవరి 2 వ తేదీన ఆమె లండనులోని తన యింట హఠాత్తుగా మరణించెను. ఆనాటికి నూరెంబర్గు నగరమున నాజీ నాయకుల విచారణ నడుచుచుండెను. చంపబడిన యూదుల సంఖ్య 60 లక్షలను మాట ఆ న్యాయస్థానమున అప్పటికే వినబడియుండెను. ఆ సంవత్సరము ఆగస్టు 6 వ తేదీన ఇంగ్లండు తల్లులు మొట్టమొదటిసారిగా తపాలా కచేరీలకు పోయి, మొదటి బిడ్డను మినహాయించి తక్కిన ఒక్కొక్క బిడ్డకు వారమునకు అయిదు షిల్లింగుల చొప్పున తమ చేతులతో అందుకొనిరి.